నా బల్ల మీద ఆయన సిపాయిలు

రెండువేల పదిహేడు మే ఇరవై ఒకటో తేదీ, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు నా బల్ల మీద ఒక అల్యూమినియం రేకు పొట్లం వచ్చి పడింది. అందులో వేయించిన కర్రపెండలం ముక్కలున్నాయి. నూనె అప్పటికే రేకు అంచు దాటి, నేను తెల్లవారుజామున ఇస్త్రీ చేసి తెచ్చి పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీదికి దిగుతోంది. తలెత్తి చూశాను. డెబ్బైకి అటూ ఇటూగా ఉన్న పెద్దమనిషి. నా పక్కనున్న ఖాళీ కుర్చీని లాక్కుని కూర్చుంటూ, నా జాకెట్టుకు గుచ్చిన పేరు చీటీని చదివి, "తెలుగే!" అన్నారు. అది ప్రశ్న కాదు, తీర్పు.

"తిను అమ్మాయ్. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."

అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. నన్ను 'అమ్మాయ్' అని పిలిచేవాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు. ఉండాల్సిన అవసరం కూడా నాకు తోచలేదు.

ఆయన ఈ ఏప్రిల్‌లో పోయారు. మే నెల ప్రదర్శనలో ఎవరో ఒకాయన నా బల్ల ముందు ఇరవై నిమిషాలు నిలబడి, ఒక్కో బొమ్మనూ కళ్ళద్దాలు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూసి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. ఆ ఇరవై నిమిషాల్లో అతన్ని ఎవరూ "కదలండి, కదలండి, వెనకాల బోలెడు చోటుంది" అని తరమలేదు. ఎనిమిదేళ్ళుగా నేను కోరుకున్నది సరిగ్గా అదే. అయినా ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా చిరాకు ఎప్పుడూ ఉండేదానికంటే ఎక్కువగానే ఉంది.

సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. బొమ్మ సిపాయిలంటే రెండంగుళాల పైచిలుకు ఎత్తున్న సీసపు బొమ్మలు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఇంగ్లండులో పిల్లలు ఆడుకోవడానికి వీటిని పోతపోసి, చేత్తో రంగులద్ది, ఎర్ర అట్టపెట్టెల్లో పెట్టి అమ్మేవారు. ఆ పిల్లలు ముసలివాళ్ళై వెళ్ళిపోయారు. బొమ్మలు మాత్రం మాలాంటివాళ్ళ చేతుల్లో పడ్డాయి. మా లోకంలో శాసనం ఒక్కటే, అసలు రంగు. పెచ్చులూడినా, ముక్కు అరిగినా, కాలు విరిగినా క్షమిస్తాం. తరవాతి వాళ్ళెవరైనా ఒక్క చుక్క కొత్త రంగు తగిలించారా, ఆ సిపాయి సేకరించేవాళ్ళ లెక్కలో లేనట్టే.

సిడ్నీ పశ్చిమాన ఒక కమ్యూనిటీ హాలులో ఏటా మే, నవంబరు నెలల్లో మా ప్రదర్శన జరుగుతుంది. బల్లకు అద్దె కట్టినవాళ్ళు అమ్ముకోవచ్చు. మధ్యాహ్నం రెండు గంటలకు 'కొత్తగా దొరికినవి' అనే కార్యక్రమం ఉంటుంది. ఎవరికి ఏ అపురూపమైన బొమ్మ దొరికితే వాళ్ళు లేచి, దాన్ని అందరికీ చూపించి, మూడు నిమిషాలు మాట్లాడాలి. నేను ఒక బీమా సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తాను, రౌస్ హిల్‌లో ఉంటాను, తలపాగా సిపాయిలను మాత్రమే సేకరిస్తాను. అంటే తెల్లదొరల పటాలాల్లో పనిచేసిన మనవాళ్ళ బొమ్మలు. ఎందుకు మొదలుపెట్టానన్నది ఇక్కడ అప్రస్తుతం.

క్లబ్బు మొత్తంలో గోధుమరంగు ముఖం నాదొక్కటే ఉండేది. ఆయన వచ్చాక రెండయ్యాయి. రెండు ముఖాలూ ఒకే బల్ల వెనక కనబడేసరికి హాలంతా కూడబలుక్కున్నట్టు ఒక నిర్ణయానికి వచ్చింది. "మీ నాన్నగారికి టీ కావాలేమో కనుక్కో" అని టీ పోసేవాళ్ళు అనేవారు. "మా నాన్న కాదు, అసలు బంధువే కాదు" అని ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లూ నా వెనకనుంచి ఆయన, "అవునవును, పెద్దమ్మాయి. కొంచెం కోపం ఎక్కువ" అని చెప్పేవారు.

ఆయనది ఫిజీ. తాతగారు గిరిమిట్టు మీద, అంటే చెరుకుతోటల్లో ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద, ఓడెక్కి వెళ్ళారట. తాతది ఏ ఊరని అడిగితే ఆయన ఒక పేరు చెప్పేవారు. ఆ పేరుతో ఏ పటంలోనూ ఊరు లేదు. నేను వెదికాను. నాది తెనాలి అంటే "మా తాతదీ అటే" అన్నారు. ఇంకోసారి ఒక విజయనగరం కుర్రాడు హాలు చూడటానికి వస్తే "మాదీ అటే" అన్నారు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో పటం తీసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, పటాన్ని శ్రద్ధగా పరికించి, "ఓడలోనుంచి చూస్తే అంతా ఒకటే అమ్మాయ్" అన్నారు.

పంతొమ్మిది వందల ఎనభై ఏడులో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక, భార్యాపిల్లలతో సిడ్నీ వచ్చేశారు. క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపారు. బస్సు దిగినా బస్సు ఆయన్ని దిగలేదు. నా బల్ల ముందు నలుగురు పోగైతే చాలు, కుర్చీలోంచి సగం లేచి, చేయి ఊపుతూ, "కదలండి, కదలండి, వెనకాల బోలెడు చోటుంది" అని ఇంగ్లీషులో అరిచేవారు. నలుగురూ కదిలిపోయేవారు, వెనకాల ఉన్న వేరేవాళ్ళ బల్లల దగ్గరికి.

కదలకుండా మిగిలినవాళ్ళకు ఆయన నిజం చెప్పేవారు. ఒకసారి ఒకావిడ నా ఒంటె మీది సిపాయిని చేతిలోకి తీసుకుని, ధర అడిగి, పర్సు తెరిచింది.

"మెడ అతికించారు చూడండి" అన్నారు ఆయన. "ఒంటెకి. సిపాయికి కాదు. సిపాయి బాగానే ఉన్నాడు."

ఆవిడ పర్సు మూసేసింది. నేను ఆమె వెళ్ళేదాకా ఆగాను.

"అంకుల్, ఆ సంగతి చీటీ మీద నేనే రాశాను. ఆమె చదివే లోపల మీరు చెప్పారు. మీరు నా తరఫున కూర్చున్నారా, వాళ్ళ తరఫునా?"

"నిజం తరఫున."

"అయితే నిజానికి వేరే బల్ల తీసుకోండి."

"దానికి అద్దె కట్టాల కదమ్మాయ్" అని ఇంకో కర్రపెండలం ముక్క నోట్లో వేసుకున్నారు.

అద్దె కట్టని ఆ సగం బల్ల మీద ఆయన సొంత పటాలం ఉండేది. అంతా ప్లాస్టిక్కే. ఆప్ షాపుల్లో, అంటే జనం దానమిచ్చిన పాత సామాను అమ్మే దుకాణాల్లో, సంచీల లెక్కన కొన్న పచ్చవి, నీలివి, ఇసుక రంగువి. ఎండకు వంగినవి, కుక్క కొరికినవి. ఒక్కదానికీ మా క్లబ్బు లెక్కలో విలువ లేదు. ఎవరైనా ధర అడిగితే ఆయన "ఎందుకు?" అని అడిగేవారు. ప్రతి సిపాయికీ ఆయన ఒక పేరు, ఒక స్వభావం పెట్టారు. బైనాక్యులర్స్ పట్టుకున్నవాడు వీర్రాజు, పక్కింటివాళ్ళ విషయాలు ఎక్కువ. బోర్లా పడుకుని గురిచూస్తున్నవాడు అప్పన్న, పని తప్పించుకోవడానికి పడుకున్నాడు. రేడియో పట్టుకున్నవాడి పేరు నేను అడగలేదు. అడిగితే ఆ కథ నలభై నిమిషాలు పడుతుందని అప్పటికి నాకు అనుభవం.

రెండు గంటలకు 'కొత్తగా దొరికినవి' మొదలయ్యేసరికి నేను గడియారం చూడటం మొదలుపెట్టేదాన్ని. అందరూ యుద్ధానికి ముందు కాలపు అపురూపాలు చూపించి మూడు నిమిషాల్లో కూర్చుంటే, ఆయన ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ సిపాయిని పైకెత్తి, "వీడి పేరు సూర్నారాయణ, మొన్న గురువారం దొరికినాడు" అని మొదలుపెట్టేవారు. కోవిడ్‌కు ప్రదర్శనలు ఆగిన కాలంలోనైనా ప్రాణం తెరిపిన పడుతుందనుకున్నాను. ఆదివారం సరిగ్గా రెండింటికి వీడియో కాల్ చేసేవారు. "కనబడుతున్నాడా?" అని అడిగేవారు. నాకు వాళ్ళింటి సీలింగు ఫ్యాను కనబడేది.

ఒక నవంబరు సాయంత్రం, బల్లలు మడుస్తూ అడిగాను. "అంకుల్, ఇన్నేళ్ళు బస్సు నడిపారు. బస్సు బొమ్మలు దొరుకుతాయి కదా, మంచివి. ఈ సిపాయిలెందుకు?"

ఆయన అప్పుడు ప్లాస్టిక్ సిపాయిలను బిస్కెట్ల డబ్బాలో సర్దుతున్నారు. చేయి ఆపలేదు.

"మా వీధి చివర చెక్‌పోస్టు పెట్టినారు, ఎనభై ఏడులో. పొద్దున చక్కెర మిల్లుకి డ్యూటీకి పోతా ఉంటే ఒకడు తుపాకీ తెచ్చి ఇదిగో, ఇక్కడ పెట్టినాడు." గుండెల మీద వేలు పెట్టి చూపించారు. "నాతో స్కూల్లో ఒకే బెంచీ. నా టిఫిను తినేవాడు. పేరు పెట్టి పిలిచినా. మళ్ళీ పిలిచినా. నన్ను ఎప్పుడూ చూడనట్టే చూసినాడు. ఇంతెత్తు మనిషి." చేయి తల మీదికి ఎత్తారు. తరవాత డబ్బాలోంచి సూర్నారాయణను తీసి బల్ల అంచున నిలబెట్టారు. "వీడు ఇంతే. పిలిస్తే పలుకుతాడు."

మూత పెట్టి, "ఇక పద, పార్కింగు వాడు గేటు మూసేస్తాడు" అన్నారు.

ఇక నా పెట్టె సంగతి. భారతీయ కాల్బలం, కవాతు నడక, ఎనిమిదిమంది. ఏడుగురు భుజాన తుపాకీలున్న సిపాయిలు, ఒకడు కత్తి దూసిన సుబేదారు. యుద్ధానికి ముందరి పోత, అసలు రంగు, అసలు పెట్టె. ఏడుగురు నా దగ్గరున్నారు. సుబేదారు లేడు. పెట్టెలో అతని గాడి పదకొండేళ్ళుగా ఖాళీగా ఉంది. వేలాల్లో వెదికాను, మెల్‌బోర్న్ వెళ్ళి వెదికాను, ఇంగ్లండులో ముగ్గురికి ఉత్తరాలు రాశాను. ఎనిమిదిమందీ చేరితే 'అసలు రంగు' తరగతిలో మొదటి బహుమతి ఎవరూ ఆపలేరని క్లబ్బులో అందరికీ తెలుసు. బహుమతి ఒక చెక్క పలక. నాకు పలక అక్కర్లేదు. ఆ గాడి నిండాలి.

రెండువేల ఇరవై రెండు నవంబరు ప్రదర్శన. రెండు గంటల పన్నెండు నిమిషాలు. ఆయన లేచి, కోటు జేబులోంచి ఒక కాగితం ఉండ తీసి విప్పుతూ, "బ్రిస్బేన్లో మా చిన్నమ్మాయి దగ్గరికి పోయినా, సన్నీబ్యాంక్‌లో. అక్కడ ఆప్ షాపులో గుండీల డబ్బాలో ఉన్నాడు" అని ఎత్తి చూపించారు.

సుబేదారు. తలపాగా, గడ్డం, దూసిన కత్తి. కత్తి మొన కూడా విరగలేదు.

ఆయనకు పేరింకా పెట్టలేదట. పేరు పెట్టేలోపల నేను ఆయన ముందున్నాను.

"అంకుల్, నాకు ఇవ్వండి. ఏది కావాలన్నా ఇస్తాను."

"సంబంధం అడుగుతున్నావా?"

"అంకుల్!"

"మావాడు ఒంటరివాడు. మీవాళ్ళు ఏడుగురు. వాళ్ళెట్లాంటివాళ్ళో నాకు తెలియాల కదా. ముందు మా ఇంటికి పంపించు. దసరాకి. పూజలో అందరూ కలిసి కూర్చోవాల. ఆ తరవాత తీసుకుపో."

"దసరా అయిపోయింది. వచ్చే దసరాకి పదకొండు నెలలుంది."

"పదకొండేళ్ళు ఆగినావు" అన్నారు ఆయన. వాదనలో అదొక్కసారే ఆయన లెక్క నా లెక్కతో సరిపోయింది. నాకది ఇంకా ఒళ్ళు మండించింది.

మరుసటి దసరాకు రెండు రోజుల ముందు, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని క్వేకర్స్ హిల్ వెళ్ళాను. నాలుగు షరతులు చెప్పాను. వేళ్ళతో ముట్టుకోకూడదు. ఎండ తగలకూడదు. తడి తగలకూడదు. పెట్టెలోంచి బయటికి తీయకూడదు. ఆయన నాలుగింటికీ తలూపారు. వంటింటి గుమ్మంలో నిలబడిన ఆయన భార్య, "తలూపుతాడమ్మా, అదొక్కటే వచ్చు ఆయనకి" అంది. కుంకుమ అనే మాట నా షరతుల్లో లేదు. లెక్కలు చూసే మనిషికి ఆ ఊహ ఎలా వస్తుంది?

పండుగ మర్నాడు సాయంత్రం ఆరుంపావుకు వెళ్ళాను. పీట మీద అరటాకు. ఆకు మీద ఎనిమిదిమందీ వరసగా, సుబేదారు ముందు, వెనక ఏడుగురు. వాళ్ళ చుట్టూ ప్లాస్టిక్ పటాలమంతా. కాళ్ళకు పసుపు. నుదుట కుంకుమ. సీసపు సిపాయి ముఖమే కందిపప్పు బద్దంత ఉంటుంది. అందులో సగం ఎర్రగా ఉంది. అగ్గిపుల్ల చివరతో పెట్టారట. రాలిపోకుండా కొబ్బరినూనెలో కలిపారట. ఆ నూనె ఎనభై ఏళ్ళు దాటిన రంగులోకి ఇంకిపోయి, తలపాగా అంచుదాకా పాకింది.

నేను కుర్చీలో కూర్చున్నాను. నిలబడి మాట్లాడితే అరుస్తానని భయం వేసింది.

"అంకుల్. ఇది ఆయుధపూజ. ఆయుధానికి పెట్టాలి బొట్టు. మనిషికి కాదు."

"తుపాకీ తనంతట తాను పేలుతుందా అమ్మాయ్?" అన్నారు ఆయన, ఎంతో ఓపికగా, నాకు అర్థం కాని లెక్క నేర్పుతున్నట్టు. "పేల్చేది వీడు. మాట వినాల్సింది వీడు. తుపాకీకి పెట్టి ఏం లాభం?"

"వీటి విలువ పోయింది."

"ఎంత?"

"అంతా."

"ఎవరూ కొనరా ఇంక?"

"ఎవరూ కొనరు."

"అయితే ఎక్కడికీ పోరు" అని, తృప్తిగా, సుబేదారును అరటాకు మీదినుంచి తీసి, ఖాళీగా ఉన్న గాడిలో తన చేత్తో పడుకోబెట్టారు. "ఇదిగో, మీ ఎనిమిదోవాడు. మాట తప్పలేదు చూడు."

పెట్టె నిండింది. సంతోషించాలో ఏడవాలో ఏ పద్దు కింద రాసుకోవాలో తెలియని సందర్భం నా జీవితంలో అదొక్కటే.

అయినా నవంబరులో పోటీకి పెట్టాను. మొండితనమే. న్యాయనిర్ణేత ఒక రిటైరైన పళ్ళ డాక్టరు. భూతద్దంతో వంగి చూసి, నిట్టూర్చి, "ఇవి రంగు మార్చినవాటి తరగతిలోకి వెళ్ళాలి. ముఖాల మీద ఏదో ఎర్ర పెయింటు వేశారు" అన్నాడు.

"పెయింటు కాదు, బొట్టు" అన్నారు ఆయన నా పక్కనుంచి ఇంగ్లీషులో.

"బొట్టంటే?"

"టికెట్టు."

డాక్టరు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"టికెట్టు లేనివాణ్ణి నేను బస్సెక్కించుకోను" అని ఆయన వివరించారు. "వీళ్ళందరికీ ఉంది. కావాలంటే లెక్కపెట్టుకో మేట్."

"టికెట్టు చాలా బాగుంది మేట్" అన్నాడు డాక్టరు మర్యాదగా. "కానీ అది తరవాత పెట్టింది."

రంగు మార్చిన బొమ్మల తరగతిలో మాకు మూడో స్థానం వచ్చింది. 'మాకు' అన్నది ఆయన మాట. ఆ చీటీని ఆయనే తీసుకుపోయారు.

డాక్టరు మంచివాడు. బొట్టు తీయడానికి ప్రయత్నిస్తానన్నాడు. ముందు ఒకణ్ణి ఇచ్చి చూడమన్నాడు. ఇచ్చాను. మూడు వారాల తరవాత ఆ మొదటి సిపాయి ఒక దూది డబ్బాలో తిరిగి వచ్చాడు. బొట్టు పోయింది. దానితోపాటు కళ్ళు, మీసం, ముక్కు, అన్నీ పోయాయి. నూనె రంగును సీసం నుంచి వదిలించిందట. తలపాగా కింద నున్నటి బూడిదరంగు లోహం. "మిగతా ఏడుగురి జోలికి వెళ్ళకండి" అన్నాడు డాక్టరు, తలవంచుకుని.

మే ప్రదర్శనలో ఆ సిపాయిని ఆయన ముందు పెట్టాను. మాట్లాడకుండా పెట్టాను, ఆయన మాట్లాడాలని. ఒక్కసారైనా తప్పు తనదని అంటారని, కనీసం 'అయ్యో' అంటారని ఎదురుచూశాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"తుడిపించేసినావా?"

"తీయించాను."

"పోన్లే" అన్నారు ఆయన. "దసరాకి మళ్ళీ పెడదాం."

ఆ రోజు హాలు మూసేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఎందుకంటే హాలు మూసేదాకా ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నారు. ఆ దసరాకు పెట్టె పంపలేదు. ఆయన అడగలేదు. నవంబరులో తొమ్మిది గంటల పది నిమిషాలకు పొట్లం విప్పి, "ఈసారి ఉప్పు ఎక్కువైంది, ముందే చెబుతున్నా" అన్నారు. అదే ఆఖరి ప్రదర్శన.

ఏప్రిల్‌లో ఆయన భార్య ఫోను చేసింది. గుండె. నిద్రలోనే. అంత్యక్రియలకు వెళ్ళాను. బస్సు డిపో నుంచి పాత డ్రైవర్లు వచ్చారు. వాళ్ళలో ఒకాయన నా చేయి పట్టుకుని, "మీరే కదా పెద్దమ్మాయి" అన్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. వెనకనుంచి నా మాటను కొట్టేసేవాళ్ళు ఎవరూ లేరు. "ఆఁ" అన్నాను. అక్కడ వివరాలు బాగుండవు.

సెప్టెంబరులో ఆవిడ మళ్ళీ ఫోను చేసింది.

"దసరా వస్తావుందమ్మా."

"అవునాంటీ."

"ఈ ఏడాది మా ఇంట్లో పండగ చెయ్యకూడదు. సూతకం. ఏడాది తిరగాల. ఈయన సిపాయిలకి బొట్టు తప్పిపోతాది."

"ఒక్క ఏడాదికి ఏమవుతుందాంటీ?"

"నాకేం కాదమ్మా. నాకు నమ్మకమే లేదు. ఆయన ఒప్పుకోడు. నువ్వు పట్టుకుపోయి మీ ఇంట్లో పెట్టు. మీకు సూతకం లేదు కదా" అంది.

పెద్దమ్మాయైతే సూతకం నాకూ ఉండాలి. ఆ వాదన నా నాలుక చివరిదాకా వచ్చింది. వెళ్ళి తెచ్చాను. నాలుగు అట్టపెట్టెలు. గరాజులో దించుతుంటే మావారు బయటికి వచ్చి, "ఇది ఇల్లా, కంటోన్మెంటా?" అన్నారు. లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు.

పండుగనాడు ఉదయం ఏడున్నరకు గరాజు నేల మీద దుప్పటి పరిచి మొదలుపెట్టాను. నా పద్ధతి నాకుంది. శాస్త్రప్రకారం ఆయుధానికే పెట్టాలని, ప్రతి తుపాకీ మడమ మీద, దూదిపుల్లతో, సన్నగా పెడదామనుకున్నాను. ఇరవై నిమిషాల్లో పద్ధతి కూలిపోయింది. సగం తుపాకీలు విరిగిపోయాయి. కొన్నిటిని కుక్క తినేసింది. బైనాక్యులర్స్ వాడి దగ్గర ఆయుధమే లేదు. రేడియో వాడి దగ్గరా లేదు. చేతులెత్తి లొంగిపోతున్నవాడు ఒకడున్నాడు. అతనికి దేని మీద పెట్టాలి? ఆయనను అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు. ఆ జవాబు వినవలసిన అవసరం లేకుండానే, ఆయన మీద పళ్ళు నూరుకుంటూ, మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టి, అందరికీ నుదుటే పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

తరవాత లోపలికి వెళ్ళి నా ఎర్ర పెట్టె తెచ్చాను. ఏడుగురికి పాత బొట్టు ఉంది. చెక్కు చెదరలేదు. ఎనిమిదోవాడికి, ఆ ముఖం లేనివాడికి, దూదిపుల్లతో కుంకుమ అద్దాను. నిలవలేదు. వట్టి సీసం మీద పొడి నిలవదు. ఊదితే రాలిపోయింది. ఇంకోసారి అద్దాను, ఇంకోసారి రాలింది. వంటింట్లోకి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చాను.

వారం తరవాత అట్టపెట్టెలు తిరిగి ఇవ్వడానికి క్వేకర్స్ హిల్ వెళ్తే, ఆవిడ తలుపు సగమే తీసింది. "ఎందుకమ్మా మళ్ళీ మోసుకొచ్చినావు? వచ్చే దసరాకి ఎట్లాగూ నువ్వే కదా" అని, నా చేతిలో ఒక రేకు పొట్లం పెట్టి పంపించేసింది.

ఈ రోజుకు లెక్క ఇది.

పోయినవి. అసలు రంగు, ఎనిమిదింటికి. ముఖం, ఒకటి. 'అసలు రంగు' తరగతిలో పోటీ చేసే అర్హత, శాశ్వతంగా. ఆయన.

ఉన్నవి. సీసపు సిపాయిలు ఎనిమిది, పెట్టెతో సహా, ఏ గాడీ ఖాళీ లేకుండా. ప్లాస్టిక్‌వి మూడు వందల పన్నెండు, నేను అడగనివి, ఎవరూ కొననివి. బొట్లు మూడు వందల ఇరవై.